కొత్త బోర్డు ఆటపై తొలి అభిప్రాయం ఎప్పుడు ఏర్పరచుకోవాలి?

కొత్తగా విడుదలైన ఆటను మొదటిసారే చివరిదాకా ఆడి తీర్పు చెప్పడం కంటే, తొలి రెండు రౌండ్లను అందరి కార్డులూ బల్లపై తెరిచి ఉంచి, గెలుపోటముల ఊసు లేకుండా ఆడి, ఆ తరువాత అన్నీ సర్ది మళ్లీ మొదటినుంచి ఆరంభించడం మేలు.

ఎలిజబెత్ హార్‌గ్రేవ్ రూపొందించగా 2019లో వెలువడిన, పక్షుల కార్డులను ఆవాసాలలో చేర్చుకునే వింగ్‌స్పాన్ ఆటనే చూడండి. అందులోని నాలుగు రౌండ్లలో ప్రతి ఆటగాడికీ వరుసగా 8, 7, 6, 5 వంతులు వస్తాయి. మొదటి రౌండులో ఆటగాడి ముందుండే పలక దాదాపు ఖాళీగా ఉంటుంది కనుక ఒక్కో వంతుకు దక్కేది స్వల్పమే, అందువల్ల కొత్తవారికి ఆట నత్తనడకగా తోస్తుంది. అయితే ఒక ఆవాసంలో (అంటే పలకపై ఒక వరుసలో) ఉంచిన పక్షులలో చాలావాటి శక్తులు ఆ వరుసను వాడిన ప్రతిసారీ మళ్లీ పనిచేస్తాయి కాబట్టి, వంతులు తగ్గుతున్నకొద్దీ రాబడి పెరుగుతుంది. చివరి రౌండులో గుడ్లు పెట్టడం ఎంత లాభమో (గుడ్డుకు ఒక పాయింటు) ముందుగా తెలియనివారు ఓటమిని అదృష్టం మీదికి నెడతారు. పదిహేను వంతుల సాధన ఆడితే ఈ రెండు అపోహలూ చాలావరకు తొలగిపోతాయి.

ఐదుగురు ఆడగల ఆటే అయినా తొలిసారి ఇద్దరు ముగ్గురితోనే కూర్చోండి, ఎందుకంటే నిబంధనలు వెతుక్కుంటూ ఎదురుచూసే విసుగును ఆట లోపంగా పొరబడే అవకాశం ఎక్కువ. కార్డులపై ఉన్న 170 పక్షుల బొమ్మలకు ముచ్చటపడటం సహజమే గాని, ఆ మెప్పును ఆటతీరుపై అభిప్రాయంతో కలపకుండా విడిగా రాసుకోండి.