ఓష్‌కోష్ షోలో చవక కిట్ విమానాన్ని ఎంచుకోవడం ఎలా?

ఏటా జులై నెలాఖరులో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, ఓష్‌కోష్ ఊళ్లోని విట్‌మన్ విమానాశ్రయం వారం రోజులపాటు విమానాలతో కిక్కిరిసిపోతుంది. 1953లో పాల్ పోబెరెజ్నీ మొదలుపెట్టిన ఈఏఏ (ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్) సంస్థ జరిపే ఎయిర్‌వెంచర్ షో అది. చాలామంది విన్యాసాలు చూడటానికి వస్తారు. సొంతంగా విమానం కట్టుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లకు మాత్రం అసలు పని నేలమీదే ఉంటుంది: విడిభాగాలను కిట్‌గా అమ్మే కంపెనీల స్టాళ్లు, ఇళ్లలో కట్టిన విమానాల పార్కింగ్, వర్క్‌షాప్ టెంట్లు.

స్టాల్ దగ్గర బోర్డు మీది ధర చూడగానే ‘కారు ఖరీదుకే విమానమా!’ అనిపిస్తుంది. ఆ ధరకు వచ్చేవి చాలావరకు రేకులు, గొట్టాలు, రివెట్లు, డ్రాయింగులు. మిగతా లెక్క షోలో ఉండగానే తేల్చుకోవచ్చు, అడగడానికి అక్కడున్నంత మంది ఇంకెక్కడా దొరకరు.

ఎవరితో, ఎంత దూరం?

బయలుదేరకముందే కాగితం మీద రాసుకోండి. ఒక్కరే ఎగురుతారా, పక్కన ఇంకొకరు ఉండాలా? సాయంత్రం పూట చక్కర్లు చాలా, 300 మైళ్ల ప్రయాణాలు చేయాలా? ఈ రెండు జవాబులతోనే సగం స్టాళ్లు వడపోతలో పోతాయి.

ఒక్కరే సరదాగా ఎగిరితే చాలనుకుంటే అన్నిటికంటే చవకైన దారి అల్ట్రాలైట్ అనే అతి తేలిక విమానం. అమెరికా పౌర విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనల్లోని పార్ట్ 103 ప్రకారం దానికి ఒకటే సీటు, ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు, ఇంధనం 5 గ్యాలన్లకు మించకూడదు, గరిష్ఠ వేగం 55 నాట్లు దాటకూడదు. పైలట్ లైసెన్సూ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. జనం కిక్కిరిసిన చోట్ల మీదుగా ఎగరకూడదు. లైసెన్స్ అడగరు కదా అని శిక్షణ లేకుండా ఎక్కడం మాత్రం ప్రాణాలతో చెలగాటమే.

రెండు సీట్లు కావాలంటే అమెచ్యూర్ బిల్ట్, అంటే సొంతంగా కట్టుకున్న విమానాల కోవలోకి వస్తారు. మిజోరీలోని జెనిత్, కాన్సాస్‌లోని రాన్స్, ఐడహోలోని కిట్‌ఫాక్స్, ఓరెగాన్‌లోని వ్యాన్స్ లాంటి కంపెనీల కిట్లు చూడాల్సింది ఇక్కడే.

బోర్డు ధర కింద మీ అంకెలు రాయండి

స్టాల్‌లో మెరుస్తూ నిలబెట్టిన విమానంలో అన్నీ ఉంటాయి. అందుకే సేల్స్ మనిషిని ఒకే ప్రశ్న అడగండి: “ఇప్పుడు నా కళ్లముందున్న విమానం, ఉన్నది ఉన్నట్టుగా, మొత్తం ఎంతయింది?” తర్వాత ఆ మొత్తాన్ని విడగొట్టించండి. ఇంజిన్, ప్రొపెల్లర్, ఇంజిన్ మౌంట్, ఇంధనం గొట్టాలు, వైరింగ్, రేడియో, విమానం ఎక్కడుందో రాడార్‌కు తెలిపే ట్రాన్స్‌పాండర్, కాక్‌పిట్‌లోని డిజిటల్ తెరలు, సీట్లు, పెయింట్, చెక్కపెట్టెలో ప్యాకింగ్, రవాణా. పనిముట్లు, హ్యాంగర్ అద్దె, ఇన్సూరెన్స్ మీరే కలుపుకోవాలి.

అన్నిటికంటే పెద్ద అంకె సాధారణంగా ఇంజిన్‌దే. చిన్న విమానాల్లో వాడే రోటాక్స్ 912 ఇంజిన్ కొత్తది ఒక్కదానికే 20 వేల డాలర్ల పైమాటే. ఫోక్స్‌వ్యాగన్ కారు ఇంజిన్‌ను విమానానికి అనువుగా మార్చినవి, పాత కాంటినెంటల్ ఓ-200 విమాన ఇంజిన్లు తక్కువకు దొరుకుతాయి. పెయింట్‌లో ఆదా చేయండి, తెరల్లో ఆదా చేయండి, సీటు కవర్లు మీరే కుట్టుకోండి. చరిత్ర తెలియని ఇంజిన్ కొని డబ్బు మిగుల్చుకోవద్దు. ఇళ్లలో కట్టిన విమానాల ప్రమాదాలపై 2012లో అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ అధ్యయనం చేసినప్పుడు ముందు వరసలో తేలిన రెండు కారణాల్లో ఒకటి ఇంజిన్ శక్తి పోవడం, రెండోది విమానంపై పైలట్ అదుపు తప్పడం.

గంటల లెక్క

బ్రోషర్‌లో 600 గంటలని ఉందనుకోండి. ఉద్యోగం చేసుకుంటూ వారానికి 8 గంటలు దొరికితే 75 వారాలు, అంటే దాదాపు ఏడాదిన్నర. డ్రాయింగ్ అర్థం చేసుకోవడానికి, పాడైన భాగాన్ని మళ్లీ చేయడానికి, రావాల్సిన పార్సిల్ కోసం ఎదురుచూడటానికి పట్టే సమయం అందులో లేదు. సగం కట్టి వదిలేసిన కిట్లు అమ్మకానికి అన్నేసి రావడానికి నాకు కనిపించే కారణం ఇదే: డబ్బు కంటే ముందు ఓపిక అయిపోతుంది. కొంత భాగం ముందే కట్టి ఇచ్చే క్విక్ బిల్డ్ కిట్ తీసుకుంటే గంటలు తగ్గుతాయి, ధర పెరుగుతుంది.

మొత్తం ఎవరిచేతనో కట్టించుకుందామంటే కుదరదు. ఎఫ్ఏఏ నిబంధన ప్రకారం విమానంలో ఎక్కువ భాగం పనిని తమ సరదాకో, నేర్చుకోవడానికో కడుతున్నవాళ్లే చేయాలి. దీన్నే అందరూ 51 శాతం రూల్ అంటారు. లెక్కలోకి వచ్చేవి పనులు, ఖర్చుపెట్టిన డాలర్లు కావు. ఆ కిట్‌ను ఎఫ్ఏఏ పరిశీలించి తన జాబితాలో పెట్టిందా అని స్టాల్‌లోనే అడగండి. మొదటి రోజు నుంచీ ఫొటోలు, లాగ్ బుక్ పెట్టుకోండి, తనిఖీకి వచ్చే అధికారి అడిగేది వాటినే. కష్టానికి ఫలితం కూడా ఉంది. ప్రధానంగా కట్టిన వ్యక్తికి ఆ విమానం వరకు రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ ఇస్తారు, దాంతో ఏడాదికోసారి చేయాల్సిన తనిఖీ స్వయంగా చేసుకోవచ్చు. వేరేవాళ్లు కట్టినది కొంటే, కట్టినందుకు ఇచ్చే ఈ సర్టిఫికెట్ మీకు రాదు.

కూర్చుని చూడండి, బరువు లెక్క కట్టండి

అనుమతి అడిగి కాక్‌పిట్‌లో కూర్చోండి. హెడ్‌సెట్ పెట్టుకుంటే తల పైకప్పుకు తగులుతోందా? పెడల్స్ చివరిదాకా తొక్కగలుగుతున్నారా? పక్క సీటులో కూర్చోబోయే మనిషినీ తీసుకెళ్లండి.

తర్వాత బరువు. గరిష్ఠ బరువు 1,320 పౌండ్లు, ఖాళీ బరువు 800 పౌండ్లు అనుకుందాం. మిగిలింది 520. 20 గ్యాలన్ల పెట్రోలు, గ్యాలన్‌కు 6 పౌండ్ల చొప్పున 120. ఇక 400 పౌండ్లే. 200 పౌండ్ల మనుషులిద్దరు ఎక్కితే చేతిసంచికి కూడా చోటు లేదు. బ్రోషర్‌లోని ఖాళీ బరువు సాధారణంగా పెయింట్, అదనపు పరికరాలు లేని విమానానిది. కట్టినవాళ్లు తూకం వేయించిన అసలు అంకె అడిగి తెలుసుకోండి.

కట్టినవాళ్ల దగ్గరికి వెళ్లండి

షోలో ఎక్కువ సమయం ఇక్కడే గడపాలి. పార్కింగ్‌లో విమానం రెక్క నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషే సాధారణంగా దాని యజమాని. పలకరిస్తే చాలు, ఇంజిన్ మూత విప్పి మరీ చూపిస్తారు. అంచనా వేసింది ఎంత, అయింది ఎంత? ఏ దశలో ఆగిపోయారు? ఫోన్ చేస్తే కంపెనీలో ఎవరైనా ఎత్తుతున్నారా? మళ్లీ కట్టాల్సి వస్తే ఇదే కిట్ కొంటారా? ఈ చివరి ప్రశ్నకు జవాబిచ్చే ముందు ఎంతసేపు ఆలోచిస్తారో గమనించండి. ఒకే మోడల్ కట్టిన ముగ్గురు నలుగురిని అడిగితే అసలు చిత్రం తెలుస్తుంది.

చేత్తో పట్టుకుంటేనే తెలిసేది

వర్క్‌షాప్ టెంట్లలో రేకు పని, వెల్డింగ్, గుడ్డ తొడగడం, ఫైబర్ పని నేర్పుతారు. రేకు పనే చూడండి. అల్యూమినియం రేకుకు డ్రిల్‌తో రంధ్రం పెడితే అంచున సన్నటి పెచ్చు మిగులుతుంది, వేలితో తడిమితే గీరుకుంటుంది. దాన్ని తీసేయాలి, లేకపోతే రేకులు దగ్గరగా కూర్చోవు, అక్కడే పగుళ్లు మొదలయ్యే ప్రమాదమూ ఉంది. రేకులు కదలకుండా పట్టి ఉంచడానికి క్లీకోలనే తాత్కాలిక పిన్నులు పెడతారు, అంగుళంలో 8వ వంతు రంధ్రానికి రాగి రంగువి. ఒక్కొక్కటీ తీసి రివెట్ వేస్తారు. పుల్ రివెట్ అయితే ఒక్కరే వేసుకోవచ్చు. సాలిడ్ రివెట్‌కు ఇవతల గన్, అవతల ఇనుప దిమ్మ పట్టుకోవాలి, చాలాచోట్ల రెండో మనిషి కావాల్సిందే. ఇలాంటి పని వేల సార్లు చేయగలరా, అందులో ఆనందం దొరుకుతుందా? గంటసేపు చేసి చూస్తే ఎంతో కొంత తెలిసిపోతుంది.

అడ్వాన్స్ కట్టేముందు

షో ఆఫర్లు ఊరిస్తాయి. అయినా తోక కిట్‌తోనో, ఒక్క రడ్డర్ (తోకలోని నిలువు చుక్కాని) కిట్‌తోనో మొదలుపెట్టండి. జెనిత్ కంపెనీ తన ఫ్యాక్టరీలో రడ్డర్ వర్క్‌షాపులు నడుపుతుంది, కట్టిన రడ్డర్‌ను ఇంటికి తెచ్చుకోవచ్చు. మొత్తం కిట్‌కు అడ్వాన్స్ కట్టాలంటే ధర మారితే ఏమిటి, ఆలస్యమైతే డబ్బు తిరిగొస్తుందా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. పెద్ద పేరున్న వ్యాన్స్ సైతం 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది, ఆర్డర్లు పెట్టినవాళ్లు పెరిగిన ధరలకు ఒప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత కంపెనీ తేరుకుంది.

తిరిగి వెళ్లాక దగ్గర్లోని ఈఏఏ చాప్టర్‌లో (స్థానిక శాఖలో) చేరండి. అక్కడి టెక్నికల్ కౌన్సెలర్లు పైసా తీసుకోకుండా వచ్చి మీ పని చూసి తప్పొప్పులు చెబుతారు. మొదటి భాగాన్ని వాళ్లకు చూపించి, వాళ్లు సరేనన్నాకే రెక్కల కిట్‌కు ఆర్డర్ పెట్టండి. విమానం పూర్తయ్యాక, సర్టిఫికెట్ ఉన్న ఇంజిన్, ప్రొపెల్లర్ జోడీ అయితే సాధారణంగా 25 గంటలు, లేకపోతే 40 గంటలు నిర్ణీత ప్రాంతంలోనే పరీక్షగా ఎగరాలి. ఆ గంటల పెట్రోలు ఖర్చు, అలాంటి మోడల్‌లోనే బోధకుడి దగ్గర తీసుకోవాల్సిన శిక్షణ ఖర్చు కూడా ఇప్పుడే ఆ కాగితం మీద చేర్చండి.