అమెరికాలో పరిచయాల పాఠాలు – 4: హార్బర్ ఒడ్డున హ్యాపీ అవర్

గత పాఠంలో అరనిమిషంలో మన గురించి మనం చెప్పుకోవడం నేర్చుకున్నాం. ఇంకా పైకి అని చూసుకోకపోతే ఇక్కడే ఆగి రెండుసార్లు గట్టిగా చెప్పుకొని రండి. ఈ పాఠానికి అదే పెట్టుబడి.

ఈసారి ఆ మాటల్ని నలుగురిలోకి తీసుకెళ్దాం. మీ యూనివర్సిటీ అలమ్నీ (పూర్వ విద్యార్థుల) క్లబ్ వాళ్లు బోస్టన్ సీపోర్ట్‌లో, హార్బర్ నీళ్లు కనిపించే ఒక సీఫుడ్ రెస్టారెంట్‌లో సాయంత్రం ఐదున్నరకు హ్యాపీ అవర్ పెట్టారనుకుందాం. సౌత్ స్టేషన్‌లో సిల్వర్ లైన్ బస్సు ఎక్కితే తర్వాతి స్టాప్ కోర్ట్‌హౌస్, అక్కడ దిగితే నడక దూరమే. జూన్‌లో కూడా పొద్దు వాలాక నీళ్ల మీది గాలి చలి పెడుతుంది, పల్చటి జాకెట్ ఉండాలి.

ముందు పేరు సంగతి. హ్యాపీ అవర్ అంటే మందు చవగ్గా దొరికే సమయమని అనుకుంటాం. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలో మాత్రం తాగి బండి నడపడం వల్ల ప్రాణాలు పోతున్నాయని 1984లోనే ఆ తగ్గింపులను నిషేధించారు. అందుకే ఇక్కడ ఆ మాటకు అర్థం ఆఫీసు అయ్యాక కలుసుకోవడం, అంతే. తిండి మీద నిషేధం లేదు కాబట్టి ఆ వేళకు ఆయిస్టర్లు అనే సముద్రపు చిప్పలు తక్కువ ధరకు ఇచ్చే చోట్లు ఉన్నాయి. ఆహ్వానంలో 'క్యాష్ బార్' అని రాసుంటే ఎవరి డ్రింకు వాళ్లే కొనుక్కోవాలని అర్థం. కార్డు కూడా తీసుకుంటారు. భోజనం బిల్లు మీద బోస్టన్‌లో 7 శాతం పన్ను పడుతుంది. దానిపైన టిప్పు, బార్ దగ్గరైతే డ్రింకుకు ఒకటో రెండో డాలర్లు, టేబుల్ దగ్గరైతే బిల్లులో 18 నుంచి 20 శాతం. టిప్పు దగ్గర చెయ్యి బిగించకండి, సర్వర్ల సంపాదనలో పెద్ద భాగం అదే.

మందు తీసుకునేవాళ్లు 21 ఏళ్లు నిండినట్టు చూపించాలి. పాస్‌పోర్టు వెంట ఉంటే ఇబ్బంది ఉండదు. తాగనివాళ్లు 'సోడా విత్ లైమ్' అడిగితే చాలు. ఎందుకు తాగరో ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు, ఎవరూ అడగరు కూడా.

ఇక తిండి. మంచు ముక్కల మీద తెరిచి పెట్టిన ఆయిస్టర్లను చూసి మనవాళ్లు చాలామంది వెనక్కి తగ్గుతారు. ఇవి మన ఆల్చిప్పల కుటుంబమే, కాకపోతే పచ్చిగా తింటారు. చిన్న ఫోర్కుతో కండను చిప్ప నుంచి కొంచెం వదులు చేసి, రెండు చుక్కల నిమ్మరసం పిండి, చిప్పను పెదవికి ఆనించి లోపలి ఉప్పునీటితో సహా నోట్లోకి జార్చుకోవాలి. గుటుక్కున మింగేయకుండా రెండుమూడు సార్లు నమిలితేనే రుచి తెలుస్తుంది. ఖాళీ చిప్పను మంచు మీద బోర్లా పెట్టేస్తే సరి. లివర్ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లూ, రోగనిరోధక శక్తి తక్కువైనవాళ్లూ పచ్చి ఆయిస్టర్ల జోలికి పోకూడదు. నిమ్మరసమో, హాట్ సాసో వేస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుందనుకోవడం పొరపాటు. శాకాహారులు, పోర్క్ తిననివాళ్లు క్లామ్ చౌడర్ అనే చిక్కటి సూప్ విషయంలో జాగ్రత్త, అందులో క్లామ్స్ అనే చిప్పలతో పాటు తరచూ బేకన్ కూడా పడుతుంది. ఫ్రెంచ్ ఫ్రైస్‌ను చేపలు వేయించిన నూనెలోనే వేయించారేమో అడగండి. ఇవన్నీ టెన్షన్ అనిపిస్తే ఇంట్లోనే కాస్త తిని వెళ్లండి. ఒక చేతిలో గ్లాసు, రెండో చెయ్యి ఖాళీ, ఆ సాయంత్రానికి అదే సరైన భంగిమ.

ఆయిస్టర్ల ప్లేటు దగ్గరే మాట కలపడం అన్నిటికంటే సులువు. మెనూలో వెల్‌ఫ్లీట్, డక్స్‌బరీ అని ఊళ్ల పేర్లుంటాయి. రెండూ ఒకే జాతి ఆయిస్టర్లు, పెరిగిన నీళ్లను బట్టి రుచి మారుతుంది. 'విచ్ వన్ ఈజ్ సాల్టియర్?' అని పక్కవాళ్లను అడిగి చూడండి. బోస్టన్‌లో కొన్నేళ్లున్న మనిషికి దానిమీద ఒక అభిప్రాయం ఉంటుంది, చెప్పడం ఇష్టంగానూ ఉంటుంది.

నేమ్ ట్యాగ్ మీద మిమ్మల్ని పిలవాల్సిన పేరు పెద్దగా, కింద చదువు పూర్తయిన సంవత్సరం రాయండి. పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరుతో మొదలుపెడితే సాయంత్రమంతా అందరూ మిమ్మల్ని ఇంటిపేరుతోనే పిలుస్తారు. మీరు కూడా ఎంత పెద్దవాళ్లనైనా పేరుతోనే పిలవాలి. మనకు నోరు రాదు, తెలుసు. 'సర్' అన్నప్పుడల్లా మీకూ ఆ మనిషికీ మధ్య ఒక మెట్టు లేస్తుంది, ఆ మెట్టు మీద నిలబడి ఎవరూ మనసు విప్పి మాట్లాడరు.

ఇద్దరు ఎదురెదురుగా దగ్గరగా నిలబడి మాట్లాడుకుంటుంటే కదిలించకండి. ముగ్గురు నలుగురు వదులుగా నిలబడి, మధ్యలో ఖాళీ ఉంటే అది మీకోసమే. 'మైండ్ ఇఫ్ ఐ జాయిన్ యూ?' అని, ఒక నిమిషం ఊరికే వినండి. గదిలో ఇంకో నలుగురు తెలుగువాళ్లు కనిపిస్తే ప్రాణం లేచి వస్తుంది, పలకరించండి. కానీ అక్కడే గుండ్రంగా నిలబడి గంట గడిపేస్తే వచ్చిన పని కాదు, ఆ గుంపులోకి రాలేక ఇంకొకరు దూరంగా నిలబడిపోతారు కూడా. జీతమెంత, పెళ్లయిందా, వీసా ఏమిటి అనే మన మామూలు ప్రశ్నలు ఇక్కడ వద్దు. 'వాట్ డజ్ యువర్ వీక్ లుక్ లైక్?' అని అడిగితే మనిషి తన పని గురించి తనే చెప్పుకుంటూ పోతాడు.

ఈ పాఠంలో అన్నిటికంటే కష్టమైన చోటు ఇప్పుడు. ఓపీటీ, అంటే చదువు పూర్తయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసుకోనిచ్చే అనుమతి, దాని మొదటి ఏడాదిలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. ఆ లెక్క గుండెల మీద ఉన్నప్పుడు ఆయిస్టర్ల గురించి మాట్లాడమంటే చిరాకు వస్తుంది, అది పూర్తిగా న్యాయమైన చిరాకు. అందుకే చాలామంది రెండో వాక్యంలోనే 'మీ కంపెనీలో ఏమైనా ఖాళీలున్నాయా' అంటారు. ఎదుటి మనిషి చేతిలో అప్పటికప్పుడు ఇచ్చే ఉద్యోగం ఉండదు, ఇబ్బందిగా నవ్వి పక్కకు జరుగుతారు. అదే మనిషి మీకు కొంచెం తెలిశాక, వాళ్ల టీమ్ ఎలాంటి వాళ్లను వెతుకుతోందో చెప్పగలరు, లోపలి నుంచి రిఫర్ చేయగలరు. ఆ రెండూ ఆ రాత్రి దొరకవు.

అలాగని అవసరాన్ని దాచుకోవాలని కాదు. ఏం చేస్తున్నారని అడిగినప్పుడు 'ఐ జస్ట్ గ్రాడ్యుయేటెడ్, ఐ యామ్ లుకింగ్ ఫర్ డేటా ఇంజినీరింగ్ రోల్స్' అని తలెత్తి చెప్పండి. అక్కడితో ఆగి మళ్లీ వాళ్ల పని మీదికి రండి. రెజ్యూమె బయటికి తీయొద్దు. మాట బాగా సాగిందనిపిస్తే, వెళ్లేముందు ఒక్కటే అడగండి, వచ్చే వారం పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడవచ్చా అని. సరేనంటే లింక్డ్ఇన్ క్యూఆర్ కోడ్ చూపించి అక్కడికక్కడే కలుపుకోండి. తర్వాత 'ఇట్ వాజ్ గ్రేట్ టాకింగ్ టు యూ' అని చెయ్యి కలిపి కదలండి. ఇరవై మందితో చేతులు కలిపి వచ్చేకంటే ఇద్దరితో ఇలా మాట్లాడి రావడం మేలని నా గట్టి నమ్మకం.

సాధనకు: పైనున్న ఇంగ్లీషు వాక్యాలను మీ మాటల్లోకి మార్చి, ఒక స్నేహితుడితో నిలబడి, చేతిలో గ్లాసు పట్టుకుని అనండి. కూర్చుని అంటే ఈ సాధన పనికిరాదు. అలమ్నీ కలయిక ఈ నెలలో ఏదీ లేకపోతే మీ డిపార్ట్‌మెంటు సెమినార్ తర్వాత కాఫీ దగ్గర ప్రయత్నించండి. తిరుగు ప్రయాణంలో ఫోన్‌లో ఇద్దరి పేర్లు, ఒక్కొక్కరు చెప్పిన ఒక విషయం రాసిపెట్టుకోండి. మర్నాడు ఉదయం వాళ్లకు పంపే నాలుగు వాక్యాల మెయిల్‌ను ఆ నోట్స్ నుంచే రాస్తాం, అది ఐదో పాఠం.