నైనితాల్‌లో ఒక పూట: ఎండను బట్టి నడవండి

మొదటిసారి ఉత్తరాఖండ్ కొండల్లోని నైనితాల్ వెళ్లినప్పుడు మేం పన్నెండు పాయింట్లు చూశాం. టాక్సీ అతను లామినేషన్ చేసిన కార్డు ఒకటి మా చేతిలో పెట్టి, ఒక్కో పాయింటు దగ్గర ఏడెనిమిది నిమిషాలు ఆపాడు. సాయంత్రానికి మా ఆయన ఫోన్లో ఫోటోలు నిండాయి, నాకు కడుపులో తిప్పింది. ఊరి నడుమ ఉన్న చెరువును మాత్రం కారు అద్దంలోంచే చూశాం. నల్లకుంటకి తిరిగొచ్చాక ఎవరైనా "ఎట్లుంది?" అంటే చెప్పడానికి మాటలు లేవు.

రెండోసారి కారెక్కనని ముందే చెప్పేశాను. ఆ పూట ఎలా తిరిగామో రాస్తున్నాను. మీరూ అలాగే తిరగండి.

దసరా అయ్యాక బయల్దేరండి. సద్దుల బతుకమ్మ వదిలేసి నేనెక్కడికీ కదలను, అది నా లెక్క. కొండల లెక్క కూడా దానికి సరిపోయింది. అప్పటికి వానలు వెనక్కి తగ్గుతాయి, చెరువు నిండుగా ఉంటుంది, గాలి కడిగినట్టుంటుంది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కణ్నుంచి రాత్రి బండిలో కాఠ్‌గోదాం, ఆపైన ముప్పై అయిదు కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. మలుపులకి తల తిరిగేవాళ్లు నిమ్మకాయ దగ్గర పెట్టుకుని ముందు సీట్లో కూర్చోండి. దీనికింతే.

ఊళ్లో రెండు పేర్లు గుర్తుంచుకోవాలి. చెరువుకి కింది కొస తల్లీతాల్, పై కొస మల్లీతాల్. కుమావూనీ భాషలో తల్లీ అంటే కిందిది, మల్లీ అంటే పైది. మా ఆయనకి ఇదెంత చెప్పినా ఎక్కలేదు. ఉన్న రెండు రోజులూ "తల్లి దగ్గర దిగుదామా, మల్లి దగ్గరా?" అనే అడిగారు.

అసలు సంగతి ఎండ. ఊరు గిన్నెలా ఉంటుంది, చుట్టూ కొండలు, అడుగున నీళ్లు. పడమటి వైపు అయార్‌పాటా కొండ, ఎదురుగా షేర్ కా డాండా. మధ్యాహ్నం తిరిగాక సూర్యుడు అయార్‌పాటా వెనక్కి జారుకుంటాడు. ఆ కొండ పాదాన, నీళ్ల పక్కనే ఉన్న కాలిదారి పేరు ఠండీ సడక్, అంటే చల్లటి రోడ్డు. పేరులోనే ఉంది. అవతలి ఒడ్డున ఉన్న మాల్ రోడ్డుకి ఇంకాసేపు ఎండ తగులుతుంది. కాబట్టి ముందు ఠండీ సడక్, తర్వాత మాల్ రోడ్డు. తిరగేశారో, వణుక్కుంటూ నడవాలి. చెరువు చుట్టూ మొత్తం మూడున్నర కిలోమీటర్లు. మన హుస్సేన్ సాగర్ పక్కన పెడితే ఇది కుంటే, కాకపోతే 27 మీటర్ల దాకా లోతున్న కుంట.

పన్నెండున్నరకి తల్లీతాల్‌లో మొదలుపెట్టండి. స్వెటర్ వేసుకోవద్దు, నడుముకి కట్టుకోండి. ఠండీ సడక్ మీద బళ్లు తిరగవు. దారిలో పాషాణ్ దేవి గుడి వస్తుంది. అక్కడ చెక్కిన విగ్రహం కాదు, కొండరాతినే అమ్మవారిగా కొలుస్తారు. చెప్పులు విప్పితే రాయి జిల్లుమంటుంది, పాతసాక్సు ఒక జత సంచీలో వేసుకోండి. నీళ్ల మీదికి వంగిన విల్లో చెట్ల దగ్గర కాసేపు ఆగండి. అక్కడ మజ్నూ చెట్టంటారు, జుట్టు విరబోసుకున్నట్టుంటుంది కాబట్టి. సన్నటి పసుప్పచ్చటి ఆకొకటి రాలి నీళ్ల మీద పడి, మునగకుండా, ఒడ్డు చేరకుండా గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. దాన్ని చూస్తూ మేమిద్దరం పావుగంట నిలబడ్డాం. టాక్సీ కార్డులో ఆ పాయింటు లేదు.

దారి చివర నైనాదేవి గుడి. సతీదేవి కన్ను పడిన చోటని చెప్తారు, ఊరి పేరూ ఆ కన్ను నుంచే వచ్చిందంటారు. దర్శనం చేసుకుని బయటికొస్తే ఎదురుగా పెద్ద మైదానం, ఫ్లాట్స్ అంటారు. చుట్టూ గుడి, గురుద్వారా, మసీదు. మధ్యలో పిల్లల క్రికెట్. కొండల ఊళ్లో ఇంత చదును నేల ఎక్కణ్నుంచి వచ్చిందా అనుకున్నాను. 1880 సెప్టెంబరు 18న షేర్ కా డాండా మీంచి కొండచరియ విరిగిపడి 151 మంది పోయారు. అప్పుడు జారిన మట్టీ రాళ్లూ పరుచుకునే ఈ మైదానం ఇంత వెడల్పైంది. ఆ మైదానం మెట్ల మీద కూర్చుని ఈ సంగతి చదివాక, పిల్లాడు కొట్టిన బంతి మా వైపు దొర్లుకుంటూ వస్తే విసరడానికి చెయ్యి వెంటనే లేవలేదు.

ఇప్పుడు తిండి. నూడుల్స్, మోమోల బళ్లు ఎలాగూ కనిపిస్తాయి, వాటిని దాటి మల్లీతాల్ బజారు సందుల్లోకి వెళ్లి ఆలూ కే గుట్కే అడగండి. ఉడికిన బంగాళాదుంప ముక్కల్ని ఆవనూనెలో ఎండుమిర్చితో వేయించి ఇస్తారు. పక్కన కీరా తురిమిన రైతా పెడతారు. మొదటి చెంచాకే నాకు ముక్కు నుంచి నడినెత్తిదాకా ఎక్కింది. ఆవపిండి! మా అమ్మ చేసే ఆవపెట్టిన పెరుగుపచ్చడి, రవ్వంత తేడా లేదు. దుకాణంలో ఆమెకి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక కళ్లు తుడుచుకుంటూ రెండోసారి గిన్నె చాపాను. భాంగ్ చట్నీ కూడా ఉంటుంది. మా ఆయన ముట్టనన్నారు, గంజాయి అని. అది గింజలతో చేసే పచ్చడి, మత్తు రాదు, వేయించిన నువ్వుల రుచి. నేను తిని, నిటారుగా నడిచి చూపించాకే ఆయన వేలు పెట్టారు.

పడవ మూడింటిలోపే ఎక్కండి. ఎండ పోయాక నీళ్ల మీద గాలి ఎముకల్లోకి దిగుతుంది. పెడల్ పడవ వద్దు, మోకాళ్లు మీవే కదా. తెడ్డు వేసే పడవ తీసుకోండి, పడవ ఎక్కకముందే రేటు ఖాయం చేసుకోండి. నేను అలవాటుగా మన హైదరాబాదీ హిందీలో "ఇత్తా నక్కో భయ్యా" (ఇంత వద్దు) అనేసరికి పడవతను తెడ్డు ఆపి నవ్వాడు. ఆ నవ్వుకి కొంచెం తగ్గించాడు కూడా. చెరువు మధ్య కెళ్లాక చెప్పుకోవాల్సిన కథ ఒకటుంది. షాజహాన్‌పూర్‌లో చక్కెర వ్యాపారం చేసే బ్యారన్ అనే ఇంగ్లీషాయన 1841లో ఈ చెరువు గురించి బయటి లోకానికి చాటాడు. ఈ నేల యజమానిని పడవలో నడిమధ్యకి తీసుకెళ్లి, ఇస్తావా ముంచనా అని సంతకం పెట్టించుకున్నాడని చెప్పుకుంటారు. బేరమాడడం మనకొక్కరికే వచ్చనుకున్నాను.

నాలుగింటికి మాల్ రోడ్డు ఎక్కి తల్లీతాల్ వైపు తిరగండి, మొహానికి ఎండ పక్కవాటుగా తగులుతుంది. ఎదుటి ఒడ్డున మీరు మధ్యాహ్నం నడిచిన దారి అప్పటికే నీలం నీడలో మునిగిపోయి ఉంటుంది. స్వెటర్ వేసుకోవాల్సింది ఇప్పుడు. నీళ్ల ఒడ్డునే ఉన్న దుర్గా సాహ్ లైబ్రరీ బయటి నుంచి చూసినా బాగుంటుంది. నడవలేకపోతే రిక్షా ఎక్కండి, తప్పేం లేదు, మేం సగం దూరం ఎక్కాం.

కొవ్వొత్తులు కొనకుండా ఎవరూ ఆ రోడ్డు దాటరు. నేనూ చేపల బొమ్మలున్నది ఒకటి కొన్నాను. చీరల మధ్య పెట్టుకుంటే విరక్కుండా వస్తుంది. ఏప్రిల్ రాకముందే వెలిగించేయండి. మాది షోకేసులోనే నడుం వంచేసింది, ఇప్పుడు ఫ్రిజ్‌లో కొత్తిమీర పక్కన పడుకుంది.