మన బండి మనమే చూసుకుందాం – 4వ భాగం: మీటర్ బోర్డులో ముళ్ళు పిచ్చిగ ఆడితే

పోయిన భాగంల ఫ్యూజు బాక్సు తెరిచి రంగులు గుర్తుపట్టుడు నేర్చుకున్నం, ఎరుపుది 10, నీలం 15, పసుపు 20 ఆంప్స్ అని. అది చేయనోళ్ళు ముందు చేసి రండి, ఈ పాఠం ఆడికెళ్ళే మొదలైతది.

ముల్లు పడిపోంగనే సెన్సార్ కొనుక్కొచ్చేటోళ్ళు మస్తుమంది ఉన్నరు. జర ఆగండి. ముందు ఎన్ని ముళ్ళు పడ్డయో లెక్కవెట్టండి. ఒక్కటే పడితే దాని సెన్సారో, దాని వైరో. డీజిల్, టెంపరేచర్, స్పీడు అన్నీ ఒక్కసారే పడితే మాత్రం సెన్సార్లన్నీ కూడబలుక్కొని చావవు కదా, తప్పు అన్నిటికి కామన్ ఉన్న కాడ ఉంటది, అంటే ఫ్యూజు, కరెంటు, ఎర్త్ (బండి బాడీ మీదికెళ్ళి కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగిపోయే దారి).

ఈ ఎర్త్ సంగతి నాకు డబ్బులు పోయేముందు తెల్సింది, అదృష్టం. పోయిన ఎండాకాలం రాత్రి దేవరకొండ నుంచి నల్లగొండ వస్తున్న, హెడ్‌లైట్లు వేస్తే టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది, బంద్ చేస్తే కిందికి దిగుతుంది. ఇంజన్ వేడెక్కుడుకు లైట్లకు ఏం సంబంధం చెప్పండి? తెల్లారి ఒకాయన చూసి మీటర్ మొత్తం మార్చాలె అన్నడు. నేను ఇంటికొచ్చి మల్టీమీటర్ (వోల్టులు కొలిచే చిన్న మీటర్) తీసిన.

మీరు గూడ గట్లనే చేయండి. మల్టీమీటర్‌ని 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ మీద 12.6 చుట్టుపక్కల రావాలె, స్టార్ట్ చేసినంక 13.8 నుంచి 14.4 దాకా. గంతకంటే బాగ తక్కువుంటే ఈ పాఠం పక్కన పెట్టి డైనమో సంగతి చూడండి. బాగుంటే మల్టీమీటర్ నల్ల ప్రోబు (కొలిచే వైరు కొస) బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ప్రోబు మీటర్ బోర్డు ఎర్త్ వైరు మీద పెట్టి హెడ్‌లైట్లు వేయండి. సున్నా పక్కన ఉండాలె, 0.1 వచ్చినా ఫర్వాలేదు. నాకు 1.3 వచ్చింది! డాష్‌బోర్డు కింద బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు ఇప్పి చూస్తే రింగు కింద పెయింటూ తుప్పూ కలిసి గోధుమరంగు పొర, గోటితో గీకితే పొడి రాలింది. సాండ్‌పేపర్‌తో ఇనుము మెరిసేదాక రుద్ది బిగించిన, ముల్లు మళ్ళ కదల్లే. ఖర్చు సాండ్‌పేపర్ ముక్క.

ఒక్క ముల్లే పడితే వేరే పద్ధతి. పాత బండ్లల్ల టెంపరేచర్ సెన్సార్‌కి ఒకటే వైరు ఉంటది. కీ ఆన్ చేసి, ఆ వైరు ఊడదీసి, ఇంజన్ లోహానికి ఒక్క క్షణం తాకియ్యండి. ముల్లు వేడి దిక్కు ఉరికితే మీటరూ వైరూ మంచిగున్నయి, సెన్సార్ పోయింది. కదలకుంటే వైరు తెగింది, లేకుంటే మీటరే. కొత్త బండ్లల్ల రెండు మూడు వైర్లు ఈసీయూకి (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి) పోతయి, అక్కడ ఈ పని అస్సలు చేయొద్దు, స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌కి (బండి కంప్యూటర్ లెక్కలు చదివే సాకెట్) చిన్న స్కానర్ పెట్టి ఇంజన్ వేడి ఫోన్ల చూసుకోండి. ఫోన్ల 90 డిగ్రీలు సక్కగ చూపించి ముల్లు సున్నా మీద పడుకుంటే సెన్సార్ కాదు, మీటర్ దిక్కే తప్పు. డీజిల్ ముల్లుకైతే ట్యాంకు దగ్గర నిప్పురవ్వ ఆటలు ఎవరూ ఆడొద్దు, అది మెకానిక్‌కి ఇడిసిపెట్టండి.

ఒకటి మాత్రం గట్టిగ గుర్తుపెట్టుకోవాలె. ముల్లు పైకి పోయి పోయి ఎకదమ్ కిందికి పడిందనుకోండి, హమ్మయ్య చల్లబడింది అనుకోకండి. కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మొత్తం కారిపోతే సెన్సార్ ఒట్టి గాలిల ఉంటది, గాలికి నీళ్ళంత వేడి తగలదు కాబట్టి ముల్లు చల్లగుందని అబద్ధం చెప్తది, లోపల ఇంజన్ హెడ్డు (పైభాగం) కాలుతుంటది. ఎంటనే పక్కకాపండి, వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తియ్యొద్దు.

మన దిక్కు ఇంకో గోస ఉంది, బోరు నీళ్ళు. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెల్సిందే, కానీ రేడియేటర్‌కి అసలు పగోడు నీళ్ళల్ల ఉండే సున్నం. కుండ అడుగున తెల్లగ పేరుకుంటది చూడండి, అదే రేడియేటర్ సన్న గొట్టాలల్ల గూడ పేరుకుంటది. డబ్బా మీద రాసిన లెక్కన కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ కలిపి పోయండి, ఎక్కువ వాటికి సగం సగమే.

ఇగ ఎలుకలు. మిర్యాలగూడ మిల్లుల దిక్కు, వడ్ల కుప్పల పక్కన బండి పెట్టేటోళ్ళకు చెప్పేదేముంది, నిన్న పనిచేసిన ముల్లు పొద్దుగాల పనిచేయకపోతే బోనెట్ లేపి ముందు వైర్ల మీద పంటి గాట్లు చూడండి.

వచ్చే భాగంల ఏబీఎస్ (బ్రేకు కొట్టినప్పుడు చక్రాలు జామ్ కాకుండ చూసేది) లైటు, స్పీడు ముల్లు రెండూ కలిసి ఎందుకు గడబిడ చేస్తయో చూద్దాం. గప్పటిదాక మీ బండి ఎర్త్ కాడ ఎంత వచ్చిందో ఒక చీటీ మీద రాసి డాష్‌బోర్డుల పెట్టుకోండి, ఆ నంబరుతోటి పని ఉంటది.