నాలుగు అల్లికలు నడుస్తుండగా పసిపిల్లల టోపీలు

ఆస్పత్రికిచ్చే టోపీలకు ఉన్ని ఊలు వద్దు. వేడినీటి ఉతుకులో కుంచించుకుపోతుంది. మెత్తటి అక్రిలిక్ లేదా కాటన్ తీసుకోండి. ఆస్పత్రివాళ్లు ఏది తీసుకుంటారో, ఏ సైజు కావాలో ముందే ఫోన్ చేసి అడగండి.

4 మి.మీ. సూదులపై 72 కుట్లు ఎక్కించండి (10 సెం.మీ.కి 22 కుట్లు రావాలి). నెలలు నిండని బిడ్డకైతే 56 చాలు. రెండు నిట్ (సూటి కుట్టు), రెండు పర్ల్ (ఉల్టా కుట్టు)గా 3 సెం.మీ. అంచు, ఆపై సాదాగా (ఒక వరస నిట్, ఒక వరస పర్ల్) మొత్తం 10 సెం.మీ. వచ్చేదాకా. తర్వాత ఒక నిట్ వరస పొడవునా 6 అల్లి 2 కలపండి, తర్వాతి నిట్ వరసలో 5 అల్లి 2, ఇలా తగ్గిస్తూ పోతే 9 కుట్లు (56తో మొదలెడితే 7) మిగులుతాయి. వాటిలోంచి దారం లాగి బిగించి, పక్క కుట్టండి. గుండీలు, పూసలు వద్దు. ఊడితే నోట్లోకి పోతాయి.

మధ్యలో స్వెటర్‌కి మారుతున్నారా? వరస సగంలో ఆపొద్దు, అక్కడి కుట్లు సాగిపోతాయి. టోపీ సూదినే దానికి అరువు తీసుకుంటే కుట్లను వేరే దారంపైకి ఎక్కించి, సూది సైజు, వరస నంబరు చీటీపై రాసి అదే సంచిలో పెట్టండి. చీటీ లేకపోతే నెల తర్వాత 3.75 మి.మీ. సూదితో మళ్లీ మొదలెట్టి, కింద వదులుగా, పైన బిగుతుగా వచ్చిందని తల పట్టుకుంటారు.