లెక్కలంటే తడబడే పిల్లలకు ఇంట్లో కెమిస్ట్రీ: కోర్సు ఎంచుకునే పద్ధతి

పిల్లల్ని ఇంట్లోనే చదివించే తల్లిదండ్రులు పదో తరగతి దాటాక ఎక్కువగా వెనకాడేది కెమిస్ట్రీ దగ్గరే. లెక్కలు రానివాడికి కెమిస్ట్రీ ఎలా వస్తుందన్నది వాళ్ల భయం. ఇంటర్ స్థాయి కెమిస్ట్రీ అడిగే లెక్కల్లో సింహభాగం నాలుగే: నిష్పత్తి, యూనిట్లు మార్చడం, 10 ఘాతాలు, తెలియని రాశి ఒక్కటే ఉన్న సమీకరణం. లాగరిథమ్‌లు పీహెచ్ (ఆమ్ల, క్షార తీవ్రత కొలత), ఎలక్ట్రోకెమిస్ట్రీ, చర్యా వేగాల దగ్గర తగులుతాయి, అదీ చాలా తర్వాత. కాబట్టి కోర్సుల ధరలు చూసే ముందు, ఈ నాలుగింట్లో మీ పిల్లకి ఏది రావడం లేదో తేల్చుకోండి.

దానికి ఒక కాగితం చాలు. ఈ అయిదూ రాసివ్వండి. 5 మామిడిపళ్లు 3 కిలోలు తూగితే 8 పళ్లు ఎంత తూగుతాయి? 250 మిల్లీలీటర్లు ఎన్ని లీటర్లు? సాంద్రత అంటే ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించడం. సాంద్రత 8, ఘనపరిమాణం 5 అయితే ద్రవ్యరాశి ఎంత? 0.00045ను 10 ఘాతంలో రాయి. 14.4లో 3.6 ఎంత శాతం? జవాబులు 4.8 కిలోలు, 0.25, 40, 4.5 ఇంటూ 10 ఘాతం మైనస్ 4, 25 శాతం. టైము పెట్టకండి, క్యాలికులేటర్ ఇవ్వండి. ఎక్కడ ఆగిందో పక్కన కూర్చుని చూడండి.

మొదటిదీ చివరిదీ రాకపోతే లోపం నిష్పత్తిలో ఉంది. ఏ కోర్సూ దాన్ని దానంతట అదే సరిచేయదు. మూడు నాలుగు వారాలు రోజుకి ఇరవై నిమిషాలు సరుకుల ధరలు, వంట కొలతలతో నిష్పత్తి చేయించి, ఆ తర్వాతే కెమిస్ట్రీ మొదలుపెట్టండి. ఒక్క 10 ఘాతాలే రాకపోతే దిగులు అక్కర్లేదు, కోర్సుతో పాటే నేర్పొచ్చు. అన్నీ వచ్చి కూడా మాటల్లో ఇచ్చిన లెక్క దగ్గర ఆగిపోతే అది లెక్కల సమస్య కాదు, చదివి అర్థం చేసుకోవడంలో ఉన్న సమస్య.

ఇక కోర్సు చూడటం. విషయసూచికలో ముందు మోల్ (పరమాణువులు, అణువుల్ని లెక్కపెట్టే కొలమానం) పాఠం ఎక్కడుందో వెతకండి. ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) ఇంటర్ స్థాయి సీనియర్ సెకండరీ కెమిస్ట్రీలో (కోడ్ 313) మొదటి పాఠమే రసాయన గణితం. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలోనూ అంతే. లెక్కలంటే భయపడే పిల్ల మొదటి వారంలోనే మోల్‌తో తలపడి, సబ్జెక్టు మొత్తం ఇలాగే ఉంటుందని పుస్తకం మూసేస్తుంది. తెలుగు అకాడమీ ఇదివరకు వేసిన ఇంటర్ ప్రథమ సంవత్సరం పుస్తకంలో మాత్రం పరమాణు నిర్మాణం, ఆవర్తన పట్టిక, రసాయన బంధం, పదార్థ స్థితులు అయ్యాకే స్టాయికియోమెట్రీ (మోల్ లెక్కల పాఠం) వస్తుంది. ఇలాంటి పిల్లలకు ఆ వరసే మేలు. ఎన్‌ఐఓఎస్ తీసుకున్నా ఇంట్లో వరస మార్చుకోవచ్చు: అణుభారం వరకు చెప్పి, బంధాల పాఠం అయ్యాక మోల్‌కి తిరిగి రండి. పరీక్షకు అన్ని పాఠాలూ ఎలాగూ చదవాల్సిందే, వరసను మాత్రం ఎవరూ అడగరు.

తర్వాత ఆ మోల్ పాఠాన్నే శాంపిల్‌గా తెప్పించుకోండి. శాంపిల్ ఇవ్వని కోర్సుకి డబ్బు కట్టకండి. అందులో చేసి చూపించిన లెక్కలు కనీసం పది ఉండాలి. ప్రతి అంకె పక్కనా ప్రతి మెట్టులో యూనిట్ రాసి ఉండాలి. చివర్లో జవాబు ఒక్కటే కాక, చేసిన తీరు మొత్తం ఉండాలి. ఈ మూడోది లేకపోతే పిల్ల ఎక్కడ తప్పిందో మీరూ చెప్పలేరు.

ఆ తప్పులు ఎలా ఉంటాయో చూడండి. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఫార్ములాలో ఆక్సిజన్, హైడ్రోజన్ బ్రాకెట్ లోపల ఉంటాయి, 2 బ్రాకెట్ బయట ఉంటుంది. దాని అణుభారం కట్టమంటే (మెగ్నీషియం 24, ఆక్సిజన్ 16, హైడ్రోజన్ 1) చాలామంది 24, 16, 2 కలిపి 42 అంటారు. బయటి 2 లోపలున్న రెండింటికీ వర్తిస్తుంది కాబట్టి 24కి రెండు 17లు కలపాలి, 58 వస్తుంది. ఇది కూడిక రాక చేసిన తప్పు కాదు, ఫార్ములా చదవడం రాక చేసినది. మంచి కోర్సు ఇలాంటి చోట ఆగి, తప్పు జవాబు కూడా చూపించి వివరిస్తుంది.

మోల్‌ని ఎలా పరిచయం చేశారో కూడా చూడండి. ఒక మోల్‌లో ఉండే కణాల సంఖ్య, 6.022 ఇంటూ 10 ఘాతం 23తో మొదలెడితే పిల్ల అక్కడే బెదిరిపోతుంది. పుంజీ అంటే నాలుగు. పుంజీ నిమ్మకాయలూ పుంజీ మామిడికాయలూ లెక్కకి ఒకటే, తూకంలో కాదు. మోల్ కూడా అలాంటి ఒక లెక్కింపు మాట, అంతే. ఆ తర్వాత సున్నపురాయి లెక్క చెప్పండి: 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్ పూర్తిగా కాలితే 56 గ్రాముల సున్నం, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. మరి 25 గ్రాములు కాలిస్తే? 14, 11. ఈ లెక్కకి నిష్పత్తి ఒక్కటే చాలు.

పరీక్ష ఏది రాయాలన్నది పిల్ల తర్వాత ఏం చదువుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎన్‌ఐఓఎస్‌లో మ్యాథ్స్ లేకుండా కెమిస్ట్రీ తీసుకోవచ్చు, కానీ ప్రాక్టికల్ పరీక్ష తప్పదు. తెలుగు మాధ్యమం కావాలంటే రెండు రాష్ట్రాల ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి. కేంబ్రిడ్జి ఐజీసీఎస్‌ఈలో (పదో తరగతి స్థాయి అంతర్జాతీయ పరీక్ష, కెమిస్ట్రీ కోడ్ 0620) కోర్, ఎక్స్‌టెండెడ్ అని రెండు స్థాయులు. కోర్‌లో మోల్ లెక్కలు ఉండవు, సులువైన ద్రవ్యరాశి నిష్పత్తులతో సరిపోతుంది, క్యాలికులేటర్ వాడొచ్చు, ల్యాబ్ లేనివాళ్లకు ప్రాక్టికల్ బదులు రాతపరీక్ష ఉంది. కానీ కోర్‌లో వచ్చే అత్యధిక గ్రేడ్ సి. ముందు ముందు సైన్స్ చదవాలనుకునే పిల్లని కోర్‌లో పెట్టకండి. నీట్ రాయాలనుకుంటే అసలు తేలిక కోర్సుల జోలికే వెళ్లొద్దు: అందులో కెమిస్ట్రీకి 45 ప్రశ్నలు, క్యాలికులేటర్ ఉండదు. ఆ పిల్లలకి రెండేళ్ల పాఠాన్ని మూడేళ్లకి సాగదీయడం మేలు. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) కెమిస్ట్రీ వైపు తొందరపడతారు. దానికి ముందు హైస్కూల్ కెమిస్ట్రీ, ఆల్జీబ్రా 2 అయి ఉండాలని ఆ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డే సూచిస్తుంది.

కోర్సులో తూచి చేసే ప్రయోగాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రంగులు మారడం, నురగలు రావడం చూడ్డానికి బావుంటాయి గానీ లెక్క నేర్పవు. ఇంట్లో చేసుకోదగ్గది ఒకటి: 0.1 గ్రాము దాకా చూపే త్రాసు మీద స్టీలు పళ్లెం బరువు రాసుకుని, 10 గ్రాముల వంట సోడా పలచగా పరచండి. సన్న సెగ మీద స్టీలు చెంచాతో కలుపుతూ 15 నిమిషాలు వేడిచేసి, పూర్తిగా చల్లారనిచ్చి తూయండి. మళ్లీ 5 నిమిషాలు వేడిచేసి తూయండి, బరువు మారకుండా నిలిచేదాకా. 168 గ్రాముల సోడా నుంచి 106 గ్రాముల సోడియం కార్బొనేట్ మిగలాలి కాబట్టి 10కి 6.3 రావాలి. 7 వస్తే ఇంకా కాలలేదని. 6 కన్నా తగ్గితే కలిపేటప్పుడు పొడి ఒలికిందని, లేదా చెంచాకి అంటుకుందని. వేడి పళ్లెం తూస్తే అంకె నిలవదు. బేకింగ్ పౌడర్ వాడితే అందులోని పిండి మాడి నల్లబడుతుంది, లెక్క తప్పుతుంది. మిగిలిన పొడి సోడా కన్నా ఘాటైన క్షారం, కంట్లో పడనివ్వకండి, రుచి చూడనివ్వకండి.

కోర్సు చేతికొచ్చాక మోల్ పాఠానికి వాళ్లు రెండు వారాలు ఇస్తే మీరు అయిదు ఇవ్వండి. రోజుకి మూడు లెక్కలు, అంతకు మించొద్దు. అందులో ఒకటి నిన్నటి తప్పే అయి ఉండాలి. నాలుగు వారాలైనా పిల్ల యూనిట్లు రాయకుండానే లెక్క చేస్తోందంటే, డబ్బు వెనక్కిచ్చే గడువు దాటకముందే కోర్సు మార్చేయండి.