రత్నాల రంగుల్లో ఒక్కదానికే పెద్దపీట

బతుకమ్మకు చీర తీసేటప్పుడు కెంపు ఎరుపు, మరకత పచ్చ, ఇంద్రనీలం లాంటి రంగులు మనసు లాగుతాయి. తీసుకోండి, కానీ పెద్దపీట ఒక్కదానికే వేయండి. చీరంతా పచ్చ అయితే కెంపు అంచులోనో జాకెట్టులోనో ఉంటే చాలు. రెండూ సగం సగం అయితే చూపు ఎక్కడా నిలవదు.

షాపు లైట్ల కింద మాత్రం తేల్చేయకండి. మడత విప్పి గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతుర్లో చూడండి. లోపల నల్లగా కనిపించిన నీలం బయట తేటగా ఉంటుంది. షాపాయన విసుక్కుంటే విసుక్కోనీయండి, కట్టుకునేది మీరు. పట్టు దారం వెలుగును తిప్పికొడుతుంది కాబట్టి ముదురు రంగూ మెరుస్తుంది. అదే రంగు నూలులో కాస్త మసకగా ఉంటుంది, అందుకే నూలు చీరకు ఒక ఛాయ తేట రంగు ఎంచుకోండి.

ఇంట్లోకైతే మన వరంగల్ కొత్తవాడ షత్రంజీ, అంటే నేల మీద పరిచే నేత తివాచీ, ఉండనే ఉంది. వరంగల్ షత్రంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ముదురు ఎరుపు, నీలం చారలది ఒకటి పరిచి, గోడలు మీగడ రంగులో వదిలేయండి. కర్టెన్లూ, దిండు గలీబులూ అవే రంగుల్లో కుట్టిస్తే మాత్రం గది పెళ్లి పందిరిలా తయారవుతుంది.

ముదురు ఎరుపు బట్ట ఏదైనా మొదటిసారి విడిగా, చన్నీళ్లలోనే ఉతకండి.